పార్కిన్సన్స్ స్కాన్: ట్రేసర్ మెదడులో గట్టిగా అంటుకుంటే సరిపోదా?

పార్కిన్సన్స్ రోగికి మామూలు ఎమ్మారై తీస్తే చాలాసార్లు తేడా ఏమీ కనిపించదు. పాడయ్యేది మెదడు ఆకారం కాదు, డోపమైన్ నాడుల చివరలు. వాటిని చూడటానికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది అయోఫ్లూపేన్ అనే ట్రేసర్, అంటే తాను ఎక్కడ అంటుకుందో స్కాన్‌లో చూపే రేడియోధార్మిక అణువు. విడుదలైన డోపమైన్‌ను తిరిగి నాడిలోకి లాక్కునే ప్రోటీన్ ఒకటుంది. దానికి అంటుకునే, కొకైన్‌ను పోలిన అణువుకు అయోడిన్-123 తగిలించి దీన్ని చేశారు. అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది.

కనీసం గంట ముందు థైరాయిడ్‌కు రక్షణగా పొటాషియం అయోడైడ్ లాంటి మందు ఇస్తారు. తర్వాత ట్రేసర్‌ను 111 నుంచి 185 మెగాబెకరెల్ (రేడియోధార్మికత కొలమానం) దాకా నరంలోకి ఎక్కించి, 3 నుంచి 6 గంటలకు దాని కిరణాలను పట్టే స్పెక్ట్ స్కాన్ తీస్తారు. ఆరోగ్యవంతుల్లో రెండు వైపులా కామా ఆకారం వెలుగుతుంది. జబ్బులో కామా తోక, అంటే మెదడు లోతుల్లో ఉండే పుటామెన్ అనే ప్రాంతపు వెనక భాగం, ముందుగా మాసిపోయి చుక్క మిగులుతుంది. బుప్రొపియాన్, మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు అదే ప్రోటీన్‌ను ఆక్రమించి సిగ్నల్‌ను తగ్గిస్తాయి. అందుకే రోగి వాడే మందుల జాబితా చూడకుండా ఈ స్కాన్‌కు పంపకూడదు.

వణుకు తెప్పించే మరో జబ్బు ఎసెన్షియల్ ట్రెమర్‌లో ఈ స్కాన్ నార్మల్‌గా వస్తుంది కాబట్టి దాన్ని వేరుచేయవచ్చు. పార్కిన్సన్స్‌ను పోలిన మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ అనే జబ్బులోనూ నాడుల చివరలు పోతాయి, అందుకని ఆ జబ్బునూ పార్కిన్సన్స్‌నూ ఇది విడదీయలేదు. కణాల్లో గడ్డకట్టే ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రోటీన్‌ను నేరుగా చూపే పెట్ ట్రేసర్ (పెట్ మరో రకం రేడియోధార్మిక స్కాన్) కోసం ఇంత శ్రమ పడుతున్నది ఇందుకే.

అసలు కష్టం ఇక్కడే. ఈ గడ్డలు అల్జైమర్స్‌లోని అమిలాయిడ్ అనే ప్రోటీన్ గడ్డల కంటే చాలా తక్కువ, పైగా కణం లోపల ఉంటాయి. లక్ష్యం గాఢత 10 నానోమోలార్ అనుకుంటే, ట్రేసర్ డిస్సోసియేషన్ స్థిరాంకం (ఇది ఎంత తక్కువైతే అంత గట్టిగా అంటుకున్నట్టు) 1 నానోమోలార్ లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అమిలాయిడ్‌దీ, అల్జైమర్స్‌లోనే కనిపించే టౌ అనే మరో ప్రోటీన్ గడ్డలదీ ఇలాంటి బీటా షీట్ (ప్రోటీన్ పోగులు పక్కపక్కనే పేరుకున్న) అల్లికే. వాటికీ అంటుకునే అణువు వృద్ధుల మెదడులో ఏం చూపిస్తోందో చెప్పలేం.

రక్త-మెదడు అవరోధం దాటడానికి అణువుకు కొంత కొవ్వు గుణం కావాలి. అది మోతాదు మించితే మెదడులో కొవ్వు ఎక్కువగా ఉండే తెల్లపదార్థానికి అంటుకుని, నేపథ్యమంతా వెలిగి, అసలు సిగ్నల్ మునిగిపోతుంది. ఆ అవరోధంలోని పీ-గ్లైకోప్రోటీన్ పంపులు కొన్ని అణువులను వచ్చిన దారినే బయటికి నెట్టేస్తాయి. పెట్ ట్రేసర్‌కు తగిలించే రేడియోధార్మిక ఫ్లోరిన్-18 బంధం శరీరంలో తెగితే ఆ ఫ్లోరిన్ ఎముకకు చేరి పుర్రె వెలుగుతుంది, ఆ వెలుగు పక్కనున్న కార్టెక్స్ (మెదడు పై పొర) మీదికి పాకుతుంది. ఫ్లోరిన్-18 అర్ధాయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం, సుమారు 110 నిమిషాలు. తయారీ, శుద్ధి, నాణ్యత పరీక్షలకు గంట పట్టినా దాదాపు మూడో వంతు రేడియోధార్మికత పోతుంది. ఆ బ్యాచ్‌లో రేడియోధార్మికం కాని ఫ్లోరిన్ కలిస్తే ఇంకో నష్టం: ఉన్న కొద్దిపాటి స్థానాలనూ వెలగని అణువులు ఆక్రమిస్తాయి.

ఆశాజనకంగా కనిపించే ప్రతి అణువుకూ మేం తప్పనిసరి అనుకునే పరీక్ష ఒకటుంది. మరణానంతరం దానం చేసిన మెదడు ముక్కల మీద ట్రేసర్ వేసి, ఆపైన అదే అణువును రేడియోధార్మికత లేకుండా అధికంగా కలపాలి. సిగ్నల్ పడిపోకపోతే అది లక్ష్యానికి అంటుకోలేదన్నమాటే. పార్కిన్సన్స్ ముక్కలతో పాటు అల్జైమర్స్ ముక్కల మీదా చూడాలి.

2023లో ఫలితాలు వెలువడిన ఏసీఐ-12589 అనే ట్రేసర్ మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ రోగుల చిన్నమెదడు తెల్లపదార్థంలో స్పష్టంగా వెలిగింది. పార్కిన్సన్స్ రోగుల్లో అంత స్పష్టత రాలేదు.