బండి మిస్సింగ్ కొడితే ప్లగ్గులేనా? అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో పెట్రోల్ కార్ల రిపేరు నా పని, ఎక్కువగా ఫ్యామిలీ కార్లే. మిస్సింగ్ అంటే ఇంజిన్ సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం. అప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే బండి దడదడలాడిపోతది, ఎత్తు ఎక్కేటప్పుడు జర్కులు కొడతది, డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతది, ఇంక షెడ్డుకి వచ్చేసరికే ఓనరు గారు రోగం పేరూ మందు పేరూ రెండూ చెప్పేస్తారు. అందుకే రోజూ వినేవి కొన్ని ఇక్కడ పెడుతున్నా.

అపోహ: మిస్సింగ్ అంటే స్పార్క్ ప్లగ్గులు పోయినట్టే, నాలుగూ మార్చేస్తే సరిపోద్ది.

ఒక్కోసారి సరిపోద్ది, కాదనను. కానీ సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండాలంటే టైముకి స్పార్క్ రావాలి, గాలి పెట్రోల్ సరైన పాళ్లలో కలవాలి, కంప్రెషన్ (పిస్టన్ ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కడం) ఉండాలి, ఈ మూడిట్లో ఏది తగ్గినా మిస్సింగే. కాబట్టి నేను బానెట్ ఎత్తకముందు అడిగేది ఒకటే, ఎప్పుడు కొడుతోంది? అయిదుగురు ఎక్కి ఏసీ వేసుకుని సింహాచలం ఘాట్ గానీ, అరకు వెళ్లే దారిలో అనంతగిరి ఘాట్ గానీ ఎక్కేటప్పుడు మాత్రమే కొడుతోంది, ఊళ్లో బాగానే ఉంది అంటే ముందు ప్లగ్గు, దానికి హై ఓల్టేజీ ఇచ్చే కాయిల్ వైపు చూస్తా. ఎందుకంటే లోడ్ పడినప్పుడు సిలిండర్‌లో ప్రెషర్ పెరుగుద్ది, ఆ ప్రెషర్‌లో ప్లగ్గు కొసనున్న గ్యాప్‌ని స్పార్క్ దాటాలంటే ఎక్కువ ఓల్టేజీ కావాలి, నీరసపడ్డ కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది. ఆగి ఉన్నప్పుడు కొట్టి, కాస్త రేస్ ఇవ్వగానే సాఫీ అయిపోతే ఎక్కడో గాలి లీకు, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్టో పగిలిన వాక్యూమ్ పైపో. పొద్దున్నే స్టార్ట్ చేసిన కాసేపే కొట్టి తర్వాత మామూలైపోతుంటే రాత్రంతా పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ కారుతోందేమో చూడాలి. దానికి తోడు కూలెంట్ బాటిల్లో లెవెల్ తగ్గుతూ, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) మీద అనుమానం, అప్పుడు ప్లగ్గుల మీద డబ్బులు తగలేయడం దండగ.

ఇంకోటి, వణుకుడంతా మిస్సింగ్ కాదు. సైలెన్సర్ దగ్గర నిలబడి వినండి. సౌండు ఒకే లయలో వస్తూ క్యాబిన్ మాత్రం వణుకుతోందంటే ఇంజిన్ మౌంటింగ్ పోయుండొచ్చు. మధ్యమధ్యలో దెబ్బ తప్పి పుట్ పుట్ మంటే అప్పుడు మిస్సింగ్.

అపోహ: స్కానర్ పెడితే ఏ పార్టు పోయిందో అదే చెప్పేస్తుంది కదండీ.

చెప్పదు. స్కానర్ చూపించే కోడ్ పీ0301 అంటే ఒకటో సిలిండర్ సరిగ్గా కాలట్లేదు అని, అంతే. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, వాల్వా అన్నది దానికి తెలీదు. అసలు ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, మిస్సింగ్‌ని పట్టుకునేదే క్రాంక్ షాఫ్ట్ తిరిగే వేగాన్ని చూసి, ఒక సిలిండర్ వంతు వచ్చినప్పుడల్లా క్రాంక్ కాస్త నెమ్మదిస్తుంటే ఆ సిలిండర్ మీద కేసు రాసేస్తుంది. ప్రతి ప్లగ్గుకీ విడిగా కాయిల్ ఉన్న బండైతే ఒకటో కాయిల్ తీసి రెండులో, రెండోది ఒకటిలో పెట్టి, కోడ్ చెరిపి ఓ రౌండ్ నడిపి వస్తా. కోడ్ పీ0302కి మారిందా, కాయిలే దొంగ. మారలేదా, ఈసారి ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూస్తా, తర్వాత ఇంజెక్టర్. పైసా ఖర్చు లేని టెస్టు ఇది, అయినా చెయ్యకుండా కొత్త కాయిల్ సెట్టు బిల్లేసేవాళ్లున్నారు. పీ0300 వస్తే మాత్రం ఒక సిలిండర్ గోల కాదు, ఫ్యూయల్ ప్రెషర్, గాలి లీకు లాంటి అందరికీ ఉమ్మడిగా ఉండేవి చూడాలి.

అపోహ: బండి ఆన్‌లో ఉండగా ఒక్కో ప్లగ్గు లీడ్ (వైరు) పీకితే మిస్సింగ్ ఏ సిలిండర్‌లోనో తెలిసిపోద్ది.

పాత కార్బొరేటర్ బండ్ల అలవాటు. ఇప్పటి బండ్లకి ఇలా చేస్తే కాయిల్ కాలిపోవచ్చు, గట్టి షాక్ కొట్టొచ్చు, కాలని పెట్రోల్, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోద్ది. ఇంజెక్టర్ కనెక్టర్ తియ్యండి, అదే సమాచారం వస్తుంది.

అపోహ: లైటు మెరుస్తోంది గానీ బండి నడుస్తోంది, ఆదివారం చూపిద్దాం.

స్థిరంగా వెలిగితే నెమ్మదిగా షెడ్డుకి తెచ్చుకోవచ్చు. మెరుస్తుంటే, అంటే బ్లింక్ అవుతుంటే, చాలా కార్లలో దానర్థం కన్వర్టర్ పాడయ్యేంత మిస్సింగ్ అని. కాలకుండా వచ్చిన పెట్రోల్ అక్కడికెళ్లి మండుద్ది, లోపల తేనెపట్టులా ఉండే దిమ్మ కరిగి మూసుకుపోద్ది. దాంట్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి దాని రేటు ముందు కాయిల్ రేటు ఏ మూలకీ రాదు. కాలు తగ్గించి పక్కకి ఆపి టోయింగ్ పిలవండి.

అపోహ: ప్లగ్గు ఎమరీ పేపర్‌తో గీకితే కొత్తదైపోద్ది.

ఇరీడియం ప్లగ్గు కొసన సన్నటి ముక్క ఉంటుంది, గీకితే అదే పోద్ది. మామూలు ప్లగ్గులు సుమారు 30,000 - 40,000 కిలోమీటర్లకి, ఇరీడియం లక్ష అటూ ఇటూగా మార్చేయడమే, కచ్చితమైన లెక్క మీ బండి మాన్యువల్లో ఉంటుంది. పింగాణీ మీద కింద గోధుమ రంగు మరక చూసి గ్యాస్ లీకవుతోంది అని భయపెట్టేవాళ్లున్నారు, అది హై ఓల్టేజీ వల్ల పట్టే మరక, కరోనా మరక అంటారు, దాంతో ఏ నష్టం లేదు. పింగాణీ మీద నిలువుగా పెన్సిల్ గీతలా నల్లగా ఉంటే మాత్రం స్పార్క్ పక్కదారి పడుతోందని, అప్పుడు ప్లగ్గుతో పాటు కాయిల్ రబ్బరు బూట్ కూడా మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్గు మీద మళ్లీ అదే గీత.

అపోహ: అంతా ఎథనాల్ పెట్రోల్ వల్లే.

ఒక్క సిలిండరే కొడుతుంటే పెట్రోల్‌ని తిట్టి లాభం లేదు, నాలుగూ తాగేది అదే పెట్రోల్. ట్యాంకు నింపించిన వెంటనే అన్నీ కలిసి మొదలెడితే అప్పుడు నీళ్లు కలిశాయేమో చూద్దాం. సీఎన్‌జీ బండ్ల సంగతి వేరు, గ్యాస్‌కి స్పార్క్ ఇంకా గట్టిగా కావాలి, పెట్రోల్ మీద బాగానే ఉండి గ్యాస్ మీద మాత్రం కొడితే ముందు ప్లగ్గుల గ్యాపే చూస్తా.

అపోహ: సముద్రం పక్కన ఉంటే ఇంజిన్ పాడవుద్ది.

ఇంజిన్ కాదు, కనెక్టర్లు. బీచ్ రోడ్డు వైపు ఆరుబయట ఉండే బండ్లకి కాయిల్ కనెక్టర్ పిన్నులు ఆకుపచ్చగా పట్టేసి ఉంటాయి, క్లీన్ చేసి డైఎలెక్ట్రిక్ గ్రీజు పెడితే కొన్ని మిస్సింగ్‌లు అక్కడితో పోతాయి. ప్రెషర్ వాషర్‌తో ఇంజిన్ కడిగించిన మర్నాడు మొదలైతే ప్లగ్గు గుంతల్లో నీళ్లు చూడండి. నీళ్ల బదులు ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ సీళ్లు మార్చాల్సిందే.

ఇవన్నీ బాగుండి కూడా ఒకే సిలిండర్ కొడుతుంటే సిలిండర్ ప్రెషర్ కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టాలి. మూడు సిలిండర్లు 170 పీఎస్‌ఐ చూపించి ఒకటి 110 చూపించిందనుకోండి, ఆ సిలిండర్ ప్లగ్గు గుంతలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తాం. పెరిగితే లోపం పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో. ఇంజిన్ విప్పాలి అని ఎవరైనా అంటే ఈ రీడింగులు చూపించమని అడగండి.

అపోహ: బ్యాటరీ వైరు పీకి పెడితే లైటు పోద్ది, రిపేరు అయిపోయినట్టే.

లైటు పోద్ది, దాంతో పాటు మిస్సింగ్ వచ్చినప్పుడు ఇంజిన్ ఎంత ఆర్‌పీఎమ్‌లో ఉందో, ఎంత వేడి మీద ఉందో, లోడ్ ఎంతో ఈసీయూ దాచిన లెక్క కూడా చాలా బండ్లలో చెరిగిపోద్ది. మాకు కావాల్సింది అదేనండీ బాబూ. లైటు వెలుగుతుండగానే తీసుకురండి.