నమూనా పట్నం పోయింది, ఫలితం ఊరికి రాలేదు

డిగ్రీ పిల్లలు ఊళ్లలో చేసే పనికి క్రెడిట్లు (డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లు) ఇవ్వాలా, ఇస్తే ఎన్ని గంటలకు అన్న వాదన మళ్లీ లేచింది. గంటలు లెక్కగడితేనే విద్యార్థి కదులుతాడని అధ్యాపకుల్లో కొందరి మాట. వచ్చి రాసుకుని పోవుడే గాని తిరిగి చెప్పినోళ్లు లేరని ఊళ్ల ఫిర్యాదు. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలవడం, 1976లో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడటం, ఏటా శిబిరాలు పెట్టడం అందరికీ తెలిసినవే. వాటిని వదిలి నేటి తగువుకు పనికొచ్చే కాడికి పోదాం.

మధ్యలో ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల్లో గ్రామాలకు తరలిన రాడికల్ (నక్సలైటు ఉద్యమ) విద్యార్థులను, సేవా శిబిరానికి వచ్చిన విద్యార్థులను ఊరి పెద్దలు, పోలీసులు పెద్దగా వేరు చేసి చూడలేదు. కూలి ఎంత, వడ్డీ ఎంత అని అడిగే పిల్లవాడు అనుమానితుడే. శిబిరాల్లో చీపుర్లు, ర్యాలీలు పెరిగి, ప్రశ్నలు తగ్గడం వెనుక ఈ భయం కూడా ఉందనుకోవచ్చు.

ప్రశ్నలు తిరిగి వచ్చాయి, కానీ ఫారాల రూపంలో. అసలు మలుపు ఇక్కడే ఉంది. 2014 నవంబరు 11న, కాలేజీలను ఊళ్లతో కలిపే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ మొదలైంది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన రెండో దశలో ఒక్కో విద్యాసంస్థ కనీసం 5 గ్రామాలను దత్తత తీసుకోవాలన్నారు. సమన్వయం ఐఐటీ ఢిల్లీది. గ్రామానికి ఒక సర్వే ఫారం, ఇంటింటికీ ఒక సర్వే ఫారం నింపి పోర్టల్‌లో ఎక్కించాలి. ముందు సమస్య తెలుసుకో, తర్వాత పరిష్కారం వెతుకు అన్న ఆలోచనలో తప్పు పట్టేదేమీ లేదు. అయితే నింపిన ఫారాలను లెక్కపెట్టి చూపించవచ్చు, తీరిన సమస్యను అంత సులువుగా చూపించలేం. దాంతో ఫారమే పనైపోయింది. ఊళ్ల ఎంపిక కూడా బస్సు సమయాల మీద ఆధారపడింది. హనుమకొండ నుంచి ఏటూరునాగారం వంద కిలోమీటర్లకు పైనే. పొద్దున బయల్దేరి సాయంత్రానికి హాస్టల్ చేరాలంటే అటవీ గ్రామం కుదరదు, రోడ్డు పక్క ఊరే కుదురుతుంది.

ఆ ఊళ్లోనైనా సర్వే ఎట్లా నడుస్తుందో చూడండి. పత్తి ఏరే రోజుల్లో పదకొండు గంటలకు వాడకట్టులోకి పోతే సగం ఇళ్లకు తాళాలు. మిగిలిన ఇళ్లలో ముసలవ్వ ఉంటుంది. కొడుకు అప్పెంత, ఎన్ని బస్తాల యూరియా వేశాడు అంటే ఆమెకు తోచింది చెప్తుంది, విద్యార్థి అదే రాసుకుంటాడు. తాగునీరు ఎక్కడిదంటే భగీరథ నల్లా అంటుంది. ఫారంలో నల్లా దగ్గర టిక్కు పడుతుంది. గడప పక్కనే 20 లీటర్ల క్యాను ఉంటుంది. తాగేది దాంట్లోవి, వంటకు నల్లావి, నల్లా రాని రోజు బోరింగువి. ఈ మూడింటినీ విడివిడిగా రాసే గడి ఫారంలో లేకపోతే, వెనక్కి తిప్పి రాయమని చెప్పేవాళ్లు ఉండాలి.

నీటి పరీక్షలో ఇంకా చిక్కులున్నాయి. ఇక్కడి నేల కింద గ్రానైటు రాయి, దాని పగుళ్లలో నిలిచే నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. ఒకే ఊళ్లో రెండు బోర్ల మధ్య అంకె మారిపోతుంది కాబట్టి ఒక్క సీసాతో ఊరికంతా తీర్పు చెప్పలేం. బోరింగును ఐదు నిమిషాలైనా కొట్టి, పైపులో నిలవున్న నీళ్లను పోనిచ్చాకే నమూనా పట్టాలి. ఫ్లోరైడ్‌కు అర లీటరు పాలిథీన్ సీసా సరిపోతుంది. అవే నీళ్లతో దాన్ని మూడుసార్లు తొలిచి నింపాలి. సూక్ష్మజీవుల పరీక్షకు సీసా వేరు, పద్ధతి వేరు. శుద్ధి చేసిన ఆ సీసాను తొలవనే కూడదు, మూత దగ్గర కాస్త ఖాళీ ఉంచాలి, ఐసు పెట్టెలో పెట్టి 24 గంటల్లోపు, వీలైతే 6 గంటల్లోనే ల్యాబుకు చేర్చాలి. అలవాటు కొద్దీ రెంటినీ ఒకేలా తొలిచేయడం ఎక్కువగా జరిగే తప్పు. పేరు మూత మీద రాయడం మరొకటి. నాలుగు సీసాల మూతలు ఒకేసారి తీస్తే ఎస్సీ వాడ బోరు నీళ్లు బడి బోరు పేరు మీదికి పోతాయి.

ల్యాబు అందుబాటులో లేకపోతే సూక్ష్మజీవుల పరీక్షకు హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు వాడతారు. నీళ్లు పోసి ఉంచితే, కలుషితమైనవి 24 నుంచి 48 గంటల్లో నల్లబడతాయి. చూడాల్సింది మర్నాడు, ఆ మర్నాడు. పిల్లల బస్సు మాత్రం ముందు రోజు సాయంత్రమే పోతుంది. ఊరి కోపమంతా ఈ ఒక్క రోజు తేడాలోనే ఉంది.

మట్టి సంగతీ అంతే. 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డు (భూసార పరీక్ష ఫలితాల చిట్టీ) పథకంలో వానాధార భూమికి 10 హెక్టార్లకు ఒక నమూనా. అంటే దాదాపు పాతిక ఎకరాలు. రెండు మూడు ఎకరాల రైతులు పది మందికి ఒకే చిట్టీ, అందులో ఎవరి చెలక మట్టి ఉందో ఎవరికీ తెలియదు. విద్యార్థులు పూనుకుంటే ఒక్కో చేను విడిగా తీయొచ్చు. వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత, చేనంతా వంకరటింకరగా పది చోట్ల మట్టి, కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకు తేవడం, నీడలో ఆరబెట్టడం. గెట్టు పక్క, చెట్టు కింద, పెంటకుప్ప దగ్గర తీయకూడదు. ఎరువు సంచిలో మట్టి పోస్తే పరీక్షలో తేలేది సంచి అడుగున మిగిలిన ఎరువే.

అధ్యాపకుల ఇబ్బందులూ నిజమే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సగానికి మించి బోధన పోస్టులు ఖాళీ. వంద మంది ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్ల యూనిట్‌ను చూసే ప్రోగ్రాం అధికారి అదే రోజు పాఠాలూ చెప్పాలి. సెమిస్టర్ ముగిస్తే పిల్లలు మారిపోతారు. పరిశోధక విద్యార్థి తెచ్చిన అంకెలు సిద్ధాంత గ్రంథంలోకి ఇంగ్లిష్ పట్టికగా పోతాయి.

ఫలితం ఊరికి చేరని ఈ ఖాళీని పూడ్చగలిగినవాళ్లు మండలంలోనే ఉన్నారు. ఇక్కడే చదివి హైస్కూలు సైన్స్ టీచరుగానో, 5 వేల ఎకరాల క్లస్టర్‌కు వ్యవసాయ విస్తరణాధికారిగానో చేస్తున్న పూర్వ విద్యార్థులు. నల్లబడిన సీసాను రెండో రోజు చూసేది, సీసా నంబరుకు, బోరుకు లంకె ఉన్న రిజిస్టరు దాచేది వాళ్లే కావాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే బోరింగుకు ఎర్ర రంగు వేయించి, బట్టలకు, గిన్నెలకు సరే, తాగడానికి, వంటకు వద్దు అని చెప్పాలి. కాచితే ఫ్లోరైడ్ పోదనీ, నీళ్లు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుందనీ కూడా చెప్పాలి. చాలా ఇళ్లలో కాచుకుంటే చాలనే నమ్మకం ఉంది. పూర్వ విద్యార్థుల సంఘాలు ఏటా సమ్మేళనానికి పెట్టే ఖర్చులో కొంత ఈ సీసాలకు పోతే బాగుండు.

ఇక క్రెడిట్లు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 చట్రం ప్రకారం సామాజిక భాగస్వామ్య కోర్సుకు 2 క్రెడిట్లు, 30 గంటలు, అందులో సగం క్షేత్రంలో. పదిహేను గంటలంటే రోజుకు ఆరు గంటల లెక్కన రెండున్నర రోజులు. మొత్తం ఒకే విడతలో ఖర్చు చేస్తే మళ్లీ ఫారమే మిగులుతుంది. నమూనాలకు ఒక రోజు, ఫలితాలు చెప్పడానికి ఒక రోజు అని విడగొట్టి, రెండో రోజుకే మార్కులు వేస్తే గంటలు ఇంతే అయినా సరిపోతాయి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంటోంది. ఆ తేదీని కార్యదర్శి ముందే కాలేజీకి చెబితే, బస్సు ఆ రోజుకే మాట్లాడుకోవచ్చు.