డబుల్ డెక్కర్ వచ్చింది, సీజన్ టికెట్ ఎక్కలేదు

గోదావరి జిల్లాల రైళ్లలో రద్దీ మాట వచ్చినప్పుడల్లా హైస్పీడ్ డబుల్ డెక్కర్ వేయమని ఎవరో ఒకరు అడుగుతారు. ఇప్పుడు మళ్లీ అడుగుతున్నారు. అసలు చిక్కు 2019 సెప్టెంబరులో పడింది.

ఆ నెలలో విశాఖ–విజయవాడ ఉదయ్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. రెండంతస్తుల రైలు. సామర్లకోట, రాజమండ్రి, తాడేపల్లిగూడెం, ఏలూరుల్లో ఆగుతుంది. మామూలు ఏసీ చైర్‌కార్ బోగీలో 78 సీట్లుంటే దీనిలో 120. లెక్క చూస్తే రద్దీ తీరిపోవాలి. కానీ రైలంతా ఏసీ, రోజూ తిరిగేవాళ్లు కొనే నెలవారీ పాసు, అంటే సీజన్ టికెట్, చెల్లదు. మొదట్లో ఇచ్చిన టైమింగ్ ప్రకారం విజయవాడ చేరేసరికే 11 దాటేది. పది గంటల ఆఫీసుకు అదెందుకు? పైగా గురు, ఆదివారాలు నడవదన్నారు. గురువారం సెలవుండే ఉద్యోగమేదో రైల్వేకే తెలియాలి!

రోజూ తిరిగేవాళ్లకు చివరికి మిగిలింది పాసింజర్లే. కోవిడ్‌లో అవీ ఆగాయి. తిరిగొచ్చినప్పుడు 10 రూపాయల కనీస ఛార్జీ 30 అయింది. పాత ఛార్జీలు వచ్చింది 2024 ఫిబ్రవరిలో.

రెండంతస్తుల బోగీలో మెట్లు ఇరుకు, ఎక్కి దిగడానికి టైం పడుతుంది, వెనకొచ్చే రైళ్లు ఆగిపోతాయన్నది అవతలి వాదన. 2014లో కాచిగూడ నుంచి తిరుపతికి, గుంటూరుకు వేసిన డబుల్ డెక్కర్లు జనం లేక ఆగిపోయిన మాటా నిజమే. అవీ ఏసీవే.

జపాన్‌లో వరస వేరు. టోక్యోకు రోజూ వచ్చిపోయే ఉద్యోగుల కోసం 1994లో ఈ1, 1997లో ఈ4 రెండంతస్తుల బుల్లెట్ రైళ్లు దింపారు. రిజర్వేషన్ లేని పై అంతస్తులో వరసకు ఆరు సీట్లు, వెనక్కి వాలవు. రెండు ఈ4 రైళ్లు కలిపి నడిపితే 1,634 సీట్లు. బుల్లెట్ రైలుకు నెలవారీ పాసులు అప్పటికే, 1983 నుంచే ఉన్నాయి. గంటకు 240 కిలోమీటర్లు మించలేని ఈ4ను 2021 అక్టోబరులో పక్కన పెట్టారు. ఫ్రాన్స్ రెండంతస్తుల హైస్పీడ్ రైలు టీజీవీ డ్యూప్లెక్స్ 300 దాటుతుంది గానీ, అది ప్రధానంగా దూరప్రయాణాల బండి.

అంత దూరం పోనక్కర్లేదు. సూరత్–ముంబై ఫ్లయింగ్ రాణిలో 1979 నుంచి 2023 దాకా ఏసీ లేని డబుల్ డెక్కర్ బోగీలు నడిచాయి. వాటిలో సీజన్ టికెట్లవాళ్లూ కూర్చున్నారు.