వీఎం లేటుగా లేస్తోందా, ర్యామ్ మింగేస్తోందా: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను కేవీఎం సర్వర్లు, అంటే లినక్స్ మీద వీఎంలు (సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్లు) నడిపే సర్వర్లు, చూసుకోబట్టి పదేళ్లు దాటింది. ఇన్నేళ్లలో నాకొచ్చిన ఫోన్లలో సగం ఈ రెండిట్లో ఒకటే, "అన్నా, వీఎం లేవడానికి రెండు నిమిషాలు పడుతోంది", లేదంటే "అన్నా, రెండు జీబీ ఇచ్చా, మొత్తం మింగేసి కూర్చుంది". ఫోన్ చేసినవాళ్ల దగ్గర మందు కూడా ముందే రెడీగా ఉంటుంది, అది చాలాసార్లు తప్పు మందే. ఎందుకంటే లోపల గెస్ట్ (వీఎంలో నడిచే సిస్టమ్) చెప్పే లెక్క ఒకటి, బయట హోస్ట్ (వీఎంలని మోసే అసలు సర్వర్) చూసే లెక్క ఇంకోటి, వీళ్లు ఒకదాన్ని చూసి ఇంకోదానికి వైద్యం చేస్తుంటారు.

అపోహ: బూట్ స్లో అంటే సీపీయూ చాల్లేదు, వీసీపీయూలు (వీఎంకి ఇచ్చే సీపీయూలు) పెంచెయ్.

అమీర్‌పేటలో ఒక ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి ల్యాబ్ సెట్ చేసిచ్చాను, 64 జీబీ సర్వర్ ఒకటి, దాంట్లో 30 ఉబుంటు వీఎంలు. వాళ్ల అడ్మిన్ కుర్రాడు రెండు వీసీపీయూలని నాలుగు చేశాడు, ఎనిమిది చేశాడు, బూట్ మాత్రం రెండు నిమిషాల నుంచి కదల్లేదు. కన్సోల్ ఓపెన్ చేసి చూస్తే ఎర్ర చుక్కలు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి పరిగెడుతున్నాయి, పక్కన నెట్‌వర్క్ కోసం వెయిటింగ్ అని మెసేజ్. విషయం ఏంటంటే ప్రతి వీఎంకీ రెండో నెట్‌వర్క్ కార్డు తగిలించారు, ఆ నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు పంచే సర్వీసు) లేదు, అయినా అన్ని కార్డులూ రెడీ అయ్యేదాకా ఆగే సర్వీసు ఒకటి, లినక్స్‌లో సర్వీసులన్నిటినీ లేపే సిస్టమ్‌డీలో ఉంటుంది, దాని డిఫాల్ట్ టైమౌట్ 120 సెకన్లు. ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైల్లో ఆ కార్డు కింద ఆప్షనల్ ట్రూ అని ఒక్క లైను రాశా, అంతే. ఖాళీగా ఎదురుచూసే సీపీయూకి తోడుగా ఇంకో ఆరుగురిని కూర్చోబెడితే అందరూ కలిసి ఎదురుచూస్తారు.

వీఎం మొదటిసారి లేచినప్పుడు పేరు, యూజర్లు లాంటివి సెట్ చేసే క్లౌడ్-ఇనిట్ కూడా ఇదే టైపు. మన సొంత సర్వర్‌లో ఉన్న వీఎం, అమెజాన్ క్లౌడ్‌లో సెట్టింగులు ఇచ్చే మెటాడేటా అడ్రస్ కోసం వెతుక్కుంటూ కూర్చోవడం చాలాసార్లు చూశాను. సెట్టింగులు ఎక్కడ వెతకాలో చెప్పే డేటాసోర్స్ లిస్టులో మనం వాడేది ఒక్కటి ఉంచి మిగతావి తీసేస్తే ఆ వెతుకులాట పోతుంది.

అపోహ: బూట్ టైము చెప్పే సిస్టమ్‌డీ-అనలైజ్ కమాండ్ 6 సెకన్లు అంది కాబట్టి బూట్ 6 సెకన్లే.

బయాస్ (పాత తరహా ఫర్మ్‌వేర్) మోడ్‌లో లేచే వీఎంలో అది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మొదలైన దగ్గర్నుంచే లెక్కపెడుతుంది. దానికి ముందు, మెషిన్ ఆన్ అవగానే నడిచే ఫర్మ్‌వేర్ తీసుకున్న టైము, కెర్నల్‌ని లోడ్ చేసే గ్రబ్ మెనూ దగ్గర నిలబడ్డ టైము దానికి తెలీనే తెలీదు. డిస్ట్రో ఇన్‌స్టాలర్‌తో మామూలుగా వేసిన వీఎంలో గ్రబ్ 5 సెకన్లు ఆగడం చాలా కామన్, ఉబుంటులో అయితే పోయినసారి బూట్ సరిగ్గా పూర్తి కాలేదని గ్రబ్‌కి అనుమానం వస్తే 30 సెకన్లు ఆగుతుంది, ఎవరూ చూడని స్క్రీన్ మీద ఎవరూ నొక్కని కీ కోసం. నేనైతే హోస్ట్ నుంచే కొలుస్తా, వీఎంని లేపే వర్ష్ స్టార్ట్ కమాండ్ కొట్టిన క్షణం నుంచి, రిమోట్ లాగిన్‌కి వాడే 22వ పోర్టు జవాబిచ్చేదాకా. యూజర్‌కి కనపడే బూట్ అదే కదా. లోపల ఏ సర్వీసు తింటోందో తెలియాలంటే అప్పుడు అదే సిస్టమ్‌డీ-అనలైజ్‌లో బ్లేమ్ (ఏ సర్వీసుకి ఎంత టైము పట్టిందో), క్రిటికల్-చైన్ (దేని కోసం ఏది ఆగిందో) చూడాలి, అదీ క్రిటికల్-చైనే ముందు, ఎందుకంటే బ్లేమ్ లిస్టులో పైన ఉన్న సర్వీసు పక్కన సైలెంట్‌గా నడుస్తూ బూట్‌ని అసలు ఆపకపోయి ఉండొచ్చు.

సీరియల్ కన్సోల్ (మెసేజ్‌లని ఒక్కో అక్షరంగా బయటికి పంపే దారి) సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. కెర్నల్ మెసేజ్‌లన్నీ సీరియల్‌కి వెళ్తుంటే ఒక్కో అక్షరానికి గెస్ట్ ఆగి, కంట్రోల్ బయటికి, హోస్ట్‌లో వీఎంని నడిపే క్యూఎమూ ప్రోగ్రాం దాకా వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లాలి. పెద్ద వీఎంలో ఇది పట్టించుకోవక్కర్లేదు, కానీ సెకను లోపు బూట్ కావాలి అనుకునేవాళ్లకి కెర్నల్ లైన్లో క్వయట్ (మెసేజ్‌లు తగ్గించు) అనే ఒక్క మాట పెడితేనే తేడా కనపడుతుంది. బూట్ మొదట్లో డ్రైవర్లు మోసుకొచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కూడా అంతే, ప్రపంచంలో ఉన్న రెయిడ్ కార్డులన్నిటి డ్రైవర్లు వర్టియో (వీఎంల కోసమే చేసిన) డిస్క్ ఒక్కటే ఉన్న వీఎంకి ఎందుకు? ఆ మెషిన్‌కి కావాల్సినవే పెట్టి చిన్నది కట్టుకోవచ్చు. పైగా 256 ఎంబీ లాంటి బుజ్జి వీఎంలో ఆ పెద్ద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ విప్పడానికే మెమరీ చాలక కెర్నల్ పానిక్ అయ్యే (మొత్తం ఆగిపోయే) ఛాన్సుంది.

అపోహ: వీఎంకి 2 జీబీ ఇస్తే హోస్ట్‌లో ఆ క్షణమే 2 జీబీ పోతుంది, గెస్ట్ ఫ్రీ చేస్తే తిరిగొస్తుంది.

రెండు ముక్కలూ తప్పే, అదీ తిరగేసి తప్పు. మామూలుగా గెస్ట్ ఒక పేజీని (మెమరీలో చిన్న ముక్కని) మొదటిసారి ముట్టుకున్నప్పుడే హోస్ట్ దానికి నిజమైన మెమరీ ఇస్తుంది, అందుకే అప్పుడే లేచిన వీఎం హోస్ట్‌లో టాప్ కమాండ్ కొట్టి చూస్తే ఇచ్చినదానికంటే చాలా తక్కువ కనిపిస్తుంది. కానీ ఒకసారి ముట్టుకున్నాక, లోపల ఆ ప్రాసెస్ చచ్చిపోయి గెస్ట్‌లో ఫ్రీ అని చూపించినా హోస్ట్‌కి ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పరు. ఫైళ్లు చదివేకొద్దీ లినక్స్ గెస్ట్ మిగిలిన ర్యామ్‌ని పేజ్ క్యాష్‌తో (చదివిన ఫైళ్ల కాపీలతో) నింపుకుంటూ పోతుంది, వారం తర్వాత చూస్తే హోస్ట్ లెక్కలో మొత్తం 2 జీబీ పోయి ఉంటుంది, లోపల మాత్రం అవైలబుల్ 1.6 జీబీ అని ఉంటుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

దీనికి విరుగుడు ఫ్రీ పేజ్ రిపోర్టింగ్. గెస్ట్‌లో లినక్స్ 5.7, బయట క్యూఎమూ 5.1 నుంచి ఉంది, రెండూ 2020లోనే వచ్చాయి, అయినా చాలామంది ఆన్ చెయ్యరు. గెస్ట్ నుంచి మెమరీ వెనక్కి తీసుకోడానికి ఉండే వర్టియో-బెలూన్ డివైస్‌లో ఇదొక ఆప్షన్, ఖాళీ అయిన పెద్ద పెద్ద ముక్కల్ని గెస్ట్ తనంతట తనే హోస్ట్‌కి చెప్పేస్తుంది. ఒక మెలిక ఉంది, పేజ్ క్యాష్ అనేది ఫ్రీ కాదు, కాబట్టి దాన్ని ఇది ముట్టుకోదు. విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడేవాళ్లకి లాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ తెరవగానే వీఎంమెమ్ అనే పేరు పైన కూర్చుని ఉండటం ఈ జబ్బువల్లే, అందుకే 2023లో మైక్రోసాఫ్ట్ దాంట్లో ఆటో మెమరీ రీక్లెయిమ్ అని విడిగా సెట్టింగ్ పెట్టింది.

అపోహ: బెలూన్ డివైస్ ఉంది కదా, అదే చూసుకుంటుంది.

ఆ ఆప్షన్ లేకుండా ఉత్త బెలూన్ ఏమీ చూసుకోదు. బయట్నుంచి ఎవరో ఒకరు, మనిషో మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరో, ఇంత ఊదు (గెస్ట్ నుంచి ఇంత మెమరీ లాక్కో) అని చెప్పాలి. ఎక్కువ ఊదితే గెస్ట్‌లో ఓఓఎం (మెమరీ అయిపోయి ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేయడం) వచ్చి పాపం డేటాబేస్ బలైపోతుంది. ఇక జీపీయూ లాంటిది పాస్‌త్రూ (అసలు కార్డుని నేరుగా వీఎంకి అప్పగించడం) ఇచ్చారా, బెలూన్ మాట మర్చిపోండి, ఆ వీఎం మెమరీ మొత్తాన్ని ముందే పిన్ చెయ్యాలి (కదలకుండా కట్టేయాలి), పెద్ద ర్యామ్ ఉన్న అలాంటి వీఎం స్టార్ట్ కొట్టాక కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది అందుకే.

అపోహ: ర్యామ్ ఎక్కువిస్తే నష్టమేముంది, వాడకపోతే వాడదు.

ప్రతి 4 కేబీ పేజీకీ కెర్నల్ 64 బైట్ల చిట్టా రాసుకుంటుంది, అంటే నూటికి ఒకటిన్నర పైనే. 2 జీబీ వీఎంలో అది 32 ఎంబీ, 64 జీబీ ఇస్తే 1 జీబీ ఉత్త చిట్టాకే. దీనికి తోడు రెడ్ హ్యాట్ టైపు ఇమేజ్‌లలో క్రాష్‌కెర్నల్ రిజర్వేషన్ (క్రాష్ అయితే డంప్ తీయడానికి పక్కన పెట్టే మెమరీ) ఉంటే ఇంకో నూటయాభై, రెండొందల ఎంబీ పక్కకి పోతుంది, క్రాష్ డంపులు ఎవరూ చదవని ల్యాబ్ వీఎంలో అది దండగ ఖర్చు.

అపోహ: కేఎస్‌ఎం ఆన్ చేస్తే ఫ్రీగా మెమరీ మిగులుతుంది.

ఒకేలా ఉన్న పేజీల్ని వెతికి ఒక్కటిగా కలపడం దీని పని, 2009లో లినక్స్ 2.6.32తో వచ్చింది. ఒకే ఇమేజ్ నుంచి పుట్టిన 30 వీఎంలకి ఇది బాగానే కలిసొస్తుంది. ఫ్రీ మాత్రం కాదు, వెతికే థ్రెడ్ సీపీయూ తింటూనే ఉంటుంది, హ్యూజ్‌పేజెస్ (పెద్ద సైజు పేజీలు) వాడితే వాటిని ఇది కలపదు. ఇంకా ముఖ్యమైంది, కలిపిన పేజీలో రాయడానికి పట్టే టైము కొలిచి పక్క వీఎంలో ఆ పేజీ ఉందో లేదో కనిపెట్టొచ్చు, కాబట్టి వేర్వేరు కస్టమర్లు ఉన్న సర్వర్‌లో నేను ఆన్ చెయ్యను, స్టూడెంట్ల ల్యాబ్‌లో చేస్తా.

అపోహ: ఫైర్‌క్రాకర్ (తేలికపాటి వీఎంలు నడిపే ప్రోగ్రాం) వేస్తే మన ఉబుంటు కూడా 125 మిల్లీసెకన్లలో లేస్తుంది.

అమెజాన్ 2018లో దీన్ని బయటపెట్టినప్పట్నుంచీ ఈ నంబరు అందరి నోట్లో నానుతోంది. ఆ 125 మిల్లీసెకన్లు గెస్ట్‌లో ఇనిట్ (కెర్నల్ లేపే మొదటి ప్రోగ్రాం) మొదలయ్యేదాకా మాత్రమే, అదీ చిన్న కెర్నల్, ఒక వీసీపీయూ, 128 ఎంబీ ర్యామ్‌తో. దానికి బయాస్ లేదు, గ్రబ్ లేదు, డివైసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందుకే ఆ స్పీడు. ఇనిట్ తర్వాత మన సిస్టమ్‌డీ, మన క్లౌడ్-ఇనిట్, మన నలభై సర్వీసులు ఎప్పట్లా తాపీగానే లేస్తాయి. ఫైర్‌క్రాకర్‌కి 5 ఎంబీ మెమరీ చాలు అంటారే, అది కూడా ఒక్కో వీఎంకి పైన పడే ఓవర్‌హెడ్, గెస్ట్ ర్యామ్ దాంట్లో కలవదు. క్యూఎమూ వదలకుండా ఇలాంటి తేలిక మెషిన్ కావాలంటే 4.2 నుంచి మైక్రోవీఎం అనే టైపు ఉంది, అది ట్రై చెయ్యండి.

అపోహ: వీఎం డిస్క్‌కి క్యాష్ నన్ (హోస్ట్ క్యాష్ వాడొద్దు అనే సెట్టింగ్) పెడితేనే మెమరీ మిగులుతుంది, అందరూ అదే పెట్టాలి.

నేనూ ఇలాగే నమ్మి ఆ ల్యాబ్‌లో అదే పెట్టా. లాజిక్ కరెక్టే, లేకపోతే ఒకే బ్లాకు గెస్ట్ పేజ్ క్యాష్‌లో ఒకటి, హోస్ట్ పేజ్ క్యాష్‌లో ఒకటి డబుల్‌గా ఉంటుంది. కానీ పొద్దున్నే తొమ్మిదింటికి బ్యాచ్ మొదలవగానే 30 వీఎంలు ఒకేసారి లేస్తాయి, అన్నిటికీ కింద ఉన్న బేస్ ఇమేజ్ (అన్నీ పంచుకునే డిస్క్ ఫైలు) ఒకటే, క్యాష్ నన్ అంటే ఆ బేస్ ఇమేజ్‌ని కూడా ప్రతి వీఎం డిస్క్ నుంచి విడివిడిగా చదువుకోవాల్సిందే. డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండేది, ఫ్యాకల్టీ వచ్చి నా వైపు అదోలా చూసేవాడు. రైట్‌బ్యాక్‌కి (హోస్ట్ క్యాష్ వాడే సెట్టింగ్‌కి) మార్చాక మొదటి వీఎం చదివింది హోస్ట్ మెమరీలో ఉండిపోయి మిగతా 29కి అక్కడ్నుంచే అందింది, ఆ క్యాష్ కూడా అవసరమొస్తే హోస్ట్ వదిలేసుకునేదే కాబట్టి ర్యామ్ తక్కువైందన్న కంప్లైంట్ రాలేదు. సడన్‌గా కరెంటు పోతే రైట్‌బ్యాక్‌లో ఆఖర్న రాసిన కొంచెం డేటా పోవచ్చు, ప్రొడక్షన్ అయితే నేనూ ఆలోచిస్తా, ఇక్కడ మాత్రం ప్రతి బ్యాచ్ అయ్యాక వీఎంలు తుడిచేసేవే కదా అని అలాగే వదిలేశా.