కొండవైపు తిప్పిన యాంటెన్నా

మా ఊళ్ళో టీవీ తెరమీద స్కేలు పెట్టి కొలిచిన మనిషి మా పెదనాన్న ఒక్కరే. హైస్కూల్లో పిల్లలకు ఫిజికల్ సైన్సు చెప్పేవారు. ఓ సాయంత్రం వార్తలు చదువుతున్నావిడకు కుడిపక్కన, ఆవిడే మసకమసకగా మరోసారి కనిపిస్తోంది. దాన్ని మేము నీడబొమ్మ అనేవాళ్ళం. పెదనాన్న నా జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి, అసలు ముఖం అంచుకూ నీడ ముఖం అంచుకూ మధ్య ఎంతుందో చూశారు. నాలుగు సెంటీమీటర్లు. పేపరు అంచున ఏదో లెక్క కట్టి, "ఈ రెండో బొమ్మ పడమటి కొండకు కొట్టుకుని వస్తోందిరా. ఆ కొండ మనింటికి ముప్పావు కిలోమీటరు ఉంటుంది" అన్నారు.

ఆ లెక్క నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ పూర్తిగా అర్థం కాలేదు. పాతకాలపు టీవీలో బొమ్మంటే 625 గీతలు. ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు పడుతుంది, అందులో తెరమీద కనిపించే భాగం 52. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షో వంతు. మాది 20 అంగుళాల టీవీ, తెర వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు. గీతను గీసే వెలుగుచుక్క ఒక మైక్రోసెకనులో ముప్పావు సెంటీమీటరు పైచిలుకు జరుగుతుందన్నమాట. నీడబొమ్మ నాలుగు సెంటీమీటర్లు పక్కకు పడిందంటే ఆ సిగ్నలు సుమారు 5 మైక్రోసెకన్లు ఆలస్యంగా వచ్చింది. అంత సేపట్లో రేడియో తరంగం 1,500 మీటర్లు పోతుంది. కొండదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి కాబట్టి అందులో సగం, 750 మీటర్లు. ఇంట్లో కూర్చుని, ఒక ప్లాస్టిక్ స్కేలుతో, కొండ ఎంత దూరంలో ఉందో చెప్పగలిగారాయన. రాడార్ చేసేదీ ఇదే పని.

మా టీవీకి సిగ్నలు 14 కిలోమీటర్ల దూరంలోని పట్నం నుంచి వచ్చేది. అక్కడున్నది రిలే కేంద్రం, అంటే తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్. స్టూడియో ఉండదు. పెద్ద డిష్‌తో ఉపగ్రహం నుంచి కార్యక్రమాన్ని అందుకుని, మామూలు టీవీలు పట్టగలిగే ఛానెల్‌లోకి మార్చి చుట్టుపక్కలకు వదలడమే దాని పని. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ స్పేస్ షటిల్‌లో ఇన్శాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్ళాక ఇది సాధ్యమైంది. 1984లో కొన్ని నెలలపాటు దూరదర్శన్ దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున దేశమంతా పెట్టుకుంటూ పోయింది. వాటిలో అధికభాగం 100 వాట్లవే. హైదరాబాద్ లాంటి నగరాల్లోని పెద్ద ట్రాన్స్‌మిటర్లు 10 కిలోవాట్లవి, అంటే నూరు రెట్లు. చిన్న కేంద్రం 10 నుంచి 15 కిలోమీటర్ల వరకు అందుతుందని అంచనా.

ఈ అంచనా మ్యాపు మీద వృత్తంలా ఉంటుంది. నేలమీద ఆ వృత్తం ఎక్కడా లేదు. పట్నానికి 20 కిలోమీటర్ల దూరంలో, చెరువు అవతలి మెరకమీదున్న ఊళ్ళో బొమ్మ అద్దంలా వచ్చేది. 14 కిలోమీటర్లలో ఉన్న మాకు చుక్కలు. "వాళ్ళు పవరు తక్కువ పెడుతున్నారు" అనేవాళ్ళు ఊళ్ళో. ఆ మాట నిజం కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నూరు రెట్లు శక్తి ఉంటే పది రెట్లు దూరం పోతుందనుకుంటాం. అంతరిక్షంలో అయితే నిజమే, దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతవుతుంది. నేలకు దగ్గరగా ప్రయాణించే తరంగం కథ వేరు. టవరు నుంచి నేరుగా వచ్చే తరంగంతో పాటు, నేలకు తగిలి లేచి వచ్చే తరంగం కూడా మన యాంటెన్నాను చేరుతుంది. దూరం పెరిగేకొద్దీ ఈ రెండూ ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. అప్పుడు దూరం రెట్టింపైతే అందే శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన శక్తిని నూరు రెట్లు పెంచినా దూరం మూడు రెట్లకు కాస్త ఎక్కువ పెరుగుతుంది, అంతే. కరెంటు బిల్లు మాత్రం నూరు రెట్ల దారిలోనే పోతుంది.

ఎత్తు అలాకాదు. సమతలం మీద, అడ్డేమీ లేనప్పుడు, టవరు ఎత్తు రెట్టింపు చేస్తే శక్తిని నాలుగు రెట్లు చేసినట్టే. ఇదే సూత్రం మన డాబా మీద యాంటెన్నాకూ వర్తిస్తుంది. నేలమీంచి నాలుగున్నర మీటర్ల ఎత్తున్న యాంటెన్నాను ఇంకో గొట్టం అతికించి తొమ్మిది మీటర్లకు లేపితే, అక్కడ పట్నంలో 100 వాట్ల మిషను తీసేసి 400 వాట్లది బిగించినంత ఫలితం మన ఒక్క ఇంటికి దక్కుతుంది. ఎవరినీ అడగక్కర్లేదు, అర్జీ పెట్టక్కర్లేదు. ఈ ఒక్క సంగతి అప్పుడు నలుగురికీ తెలిసుంటే ఎన్ని ఊళ్ళు బాగుపడేవో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

తెలియక చేసిన ఖర్చుల్లో మొదటిది బూస్టరు, అంటే సిగ్నలును పెంచే పెట్టె. అందరూ దాన్ని టీవీ పక్కనే పెట్టేవాళ్ళు, కనపడాలని. యాంటెన్నా నుంచి దిగే చప్పటి రిబ్బను వైరు గోడకు ఆనుకుని, వానకు తడిసి, దారిలోనే సిగ్నలును తినేసేది. కిందికి చేరేసరికి మిగిలిన కాస్త సిగ్నలూ వైరులోని, టీవీలోని సహజమైన రొదతో కలిసిపోయేది. అక్కడ బూస్టరు పెడితే అది రొదనూ బొమ్మనూ కలిపి పెంచుతుంది. చుక్కలు పెద్దవవుతాయి, అంతే. బూస్టరు ఉండాల్సింది పైన, యాంటెన్నా మెడ దగ్గర, సిగ్నలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నచోట.

ఇంకో విషయం చాలామందికి అనుభవమే. బొమ్మ చుక్కల్లో కలిసిపోయినా పాట శుభ్రంగా వినిపించేది. బొమ్మను పంపేది ఏఎం పద్ధతిలో, శబ్దాన్ని ఎఫ్ఎంలో. బొమ్మ సమాచారం తరంగం బలంలోనే ఉంటుంది కాబట్టి ఏ రొద వచ్చి కలిసినా నేరుగా తెరమీద పడుతుంది. వీధిలో పాత స్కూటరు పోతే దాని స్పార్కు ప్లగ్గు రొద తెరమీద గీతలై చిటపటలాడేది కూడా ఇందుకే. ఎఫ్ఎంలో సమాచారం బలంలో ఉండదు, ఎంత వేగంగా ఊగుతోందన్న దానిలో ఉంటుంది. అందుకే శబ్దం చివరిదాకా నిలబడుతుంది.

మా ఊరి అసలు కష్టం తూర్పున, అరకిలోమీటరు దూరంలో ఉన్న గుట్ట. పట్నం సరిగ్గా దాని వెనక. రేడియో తరంగం కొండ అంచుమీద కాస్త వంగి అవతలి నీడలోకి దిగుతుందిగానీ, ఆ వంపులో చాలా పోగొట్టుకుంటుంది. మాకు నేరుగా అందేది ఆ మిగులే. పడమటి కొండ మాత్రం గుట్టకంటే ఎత్తు. దాని పైభాగానికి పట్నం టవరు నిక్కచ్చిగా కనిపిస్తుంది. అక్కడ తగిలి వెనక్కి వచ్చేదే నీడబొమ్మ.

మర్నాడు పొద్దున పెదనాన్న డాబా ఎక్కి యాంటెన్నాను పూర్తిగా వెనక్కి తిప్పేశారు. పట్నానికి వీపు, పడమటి కొండకు ముఖం. కింద నుంచి నేను "పెదనాన్నా, టవరు అటు కదా!" అని అరిచాను. పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు. చేపముల్లులా వరసగా కడ్డీలుండే ఆ యాంటెన్నాను 1926లో జపాన్‌లో షింతారో ఉదా, హిదెత్సుగు యాగి రూపొందించారు. పొట్టి కడ్డీలు చూసే దిక్కునుంచి వచ్చేదాన్ని గట్టిగా పట్టుకుంటుంది, వెనకనుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. వెనక్కి తిప్పేసరికి కొండమీంచి వచ్చే బొమ్మే అసలు బొమ్మయింది. గుట్ట దాటి వచ్చే బలహీనమైన బొమ్మ, ముందుగా చేరుతుంది కాబట్టి, ఎడమపక్కన ఉందా లేదా అన్నంత పలచని నీడగా మిగిలింది. ఆ వారంలోనే మా వీధిలో ఏడెనిమిది యాంటెన్నాలు పడమటికి తిరిగాయి.

డిజిటల్ వచ్చాక ఈ తంటాలు పోతాయనుకున్నారు. కొన్ని పోయాయి కూడా. యూరప్‌లో పుట్టి మన దేశంలోనూ కొన్ని నగరాల్లో వాడిన డిజిటల్ పద్ధతిలో ప్రతి సంకేతానికీ ముందు పదుల మైక్రోసెకన్ల రక్షణ వ్యవధి ఉంచుతారు. మా కొండ ఇచ్చే 5 మైక్రోసెకన్ల ప్రతిధ్వని ఆ వ్యవధిలోనే ఇమిడిపోతుంది, హాని చేయదు. అయితే డిజిటల్‌కు మెల్లగా మసకబారడం తెలియదు. ఒక హద్దుదాకా అద్దంలాంటి బొమ్మ, హద్దు దాటగానే గళ్ళుగళ్ళుగా పగిలి ఆగిపోతుంది. పాతకాలంలో హద్దుమీద ఉన్న ఊరు చుక్కల్లోనే క్రికెట్ చూసింది. డిజిటల్ హద్దుమీద ఉన్న ఊరికి ఏమీ రాదు.

ఈ దెబ్బ బాగా తగిలింది అమెరికాలోని చిన్న స్టేషన్లకు. అక్కడ 1982 నుంచి తక్కువ శక్తి స్టేషన్లకు విడిగా లైసెన్సులిస్తున్నారు. చిన్న పట్టణాలు, ప్రార్థనా మందిరాలు, వలసవచ్చినవాళ్ళ భాషల కార్యక్రమాలు వీటిమీదే నడుస్తుంటాయి. పెద్ద స్టేషన్లు 2009 జూన్ 12న డిజిటల్‌కు మారితే, వీటికి 2021 జులై 13 వరకు గడువు దొరికింది. కొత్త పరిమితులు కూడా చిన్నవే, కింది ఛానెళ్ళుండే వీహెచ్ఎఫ్‌లో 3 కిలోవాట్లు, పై ఛానెళ్ళుండే యూహెచ్ఎఫ్‌లో 15. చట్టం దృష్టిలో ఇవి రెండోతరగతివి. పెద్ద స్టేషను అడ్డొస్తే సర్దుకోవాల్సింది ఇవే. టీవీ తరంగాల్లో కొంత భాగాన్ని మొబైల్ కంపెనీలకు అమ్మిన 2017 స్పెక్ట్రం వేలం తర్వాత ఇలాంటి స్టేషన్లు ఎన్నో ఛానెల్ ఖాళీచేసి వేరేచోటు వెతుక్కోవాల్సి వచ్చింది. భౌతికశాస్త్రం పెట్టే కష్టానికి చట్టం పెట్టే కష్టం తోడవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

మన దగ్గర దూరదర్శన్‌ను నడిపే ప్రసారభారతి, సరిహద్దుల్లాంటి వ్యూహాత్మక ప్రాంతాల్లో సుమారు 50 మినహా, పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నిటినీ 2022 మార్చి 31 కల్లా ఆపేస్తామని ప్రకటించింది. అప్పటికే ఊళ్ళు ఉపగ్రహానికి తిరిగాయి. నిజానికి మొదలైందీ అక్కడే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళు, అందులో తెలుగు ఊళ్ళు కూడా, ఏ రిలే కేంద్రమూ లేకుండా తీగవల డిష్‌లతో ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచే టీవీ చూశాయి.

పెదనాన్న పాతిన ఇనుపగొట్టం ఇంకా డాబామీదే ఉంది. దానికే అన్నయ్య ఫ్రీ డిష్ బిగించాడు. అది ఆగ్నేయంగా, 65 డిగ్రీల ఎత్తుకు చూస్తూ ఉంటుంది. ఆ చూపుకు అడ్డుపడాలంటే, అరకిలోమీటరు దూరంలో ఉన్న గుట్ట దాదాపు 1,070 మీటర్ల ఎత్తుండాలి. మా గుట్ట మీదికి పిల్లలు పావుగంటలో ఎక్కి దిగొస్తారు.