లేజర్‌తో ఎలక్ట్రాన్ల పరుగు: ముందు కంప్యూటర్‌లో, తర్వాత ల్యాబ్‌లో

1979లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి తోషికి తజిమా, జాన్ డాసన్ నాలుగు పేజీల పేపర్ ఒకటి ప్రచురించారు. గోదావరిలో లాంచీ వెనక అల లేచినట్టే, ప్లాస్మాలో (అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువులో) దూసుకెళ్లే లేజర్ పల్స్ వెనక కూడా అల లేస్తుందని, దాని మీదికెక్కిన ఎలక్ట్రాన్ కొద్ది దూరంలోనే బోలెడంత శక్తి పుంజుకుంటుందని చెప్పారు. కణాలను పరుగెత్తించే మామూలు యంత్రాల్లో, అంటే యాక్సిలరేటర్లలో, విద్యుత్ క్షేత్రం మీటరుకు పది కోట్ల వోల్టుల దగ్గరికి వచ్చేసరికి లోహపు గోడల మీద స్పార్కులు మొదలవుతాయి. ప్లాస్మాకు ఆ బెడద లేదు. అక్కడ దాదాపు వెయ్యి రెట్లు సాధ్యం.

అంత పొట్టి, అంత తీవ్రమైన లేజర్ పల్స్ అప్పటికి ఎవరి దగ్గరా లేదు. అందుకే వాళ్లు తమ మాటకు ఆధారంగా కంప్యూటర్ సిమ్యులేషన్ చూపించారు. ఈ రంగం చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే: కంప్యూటర్ ఇక్కడ ప్రయోగం కంటే ముందు నడిచింది.

ఆ లెక్క పేరు పార్టికల్-ఇన్-సెల్. కోటానుకోట్ల ఎలక్ట్రాన్లను విడివిడిగా లెక్కగట్టలేం కాబట్టి చాలా ఎలక్ట్రాన్లను కలిపి ఒక్క కణంగా తీసుకుంటారు. అవి కదిలితే పుట్టే కరెంటును గ్రిడ్ గళ్లలోకి పంచి, మాక్స్‌వెల్ సమీకరణాలతో విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు తేల్చి, ఆ క్షేత్రాలతో కణాలను మళ్లీ ఓ అడుగు జరుపుతారు. అడుగంటే ఫెమ్టోసెకనులో (సెకనులో వందకోట్లో వంతును మళ్లీ పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క) చిన్న భాగం.

1985లో డోనా స్ట్రిక్‌ల్యాండ్, జెరార్ మూరూ పల్స్‌ను సాగదీసి, బలం పెంచి, మళ్లీ కుదించే పద్ధతి కనిపెట్టారు. దాంతో లేజర్ల కొరత తీరింది గానీ, ఎలక్ట్రాన్లు ఒక్కోటి ఒక్కో శక్తితో వచ్చేవి. 2002లో పుఖోవ్, మేయర్-టెర్-వేన్ త్రీడీ సిమ్యులేషన్‌లో లేజర్ వెనక ఒక బుడగ ఏర్పడి, అందులోంచి దాదాపు ఒకే శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు రావడం చూపించారు. రెండేళ్లకే బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా బృందాలు అలాంటి కిరణాలను ల్యాబ్‌లో నిజంగానే తీశాయి.

తర్వాత చిక్కు కంప్యూటర్‌కే వచ్చింది. లేజర్ తరంగం పొడవు మైక్రాన్ కన్నా తక్కువ, ప్లాస్మా పొడవేమో సెంటీమీటర్లు. అంత సన్నని గళ్లతో అంత దూరం నడవాలంటే లక్షల అడుగులు పడతాయి. 2007లో అమెరికాలోని బర్క్‌లీ ల్యాబ్‌లో ఝాఁ-లూక్ వే దీనికి ఐన్‌స్టీన్ సాపేక్షతనే వాడుకున్నారు. లేజర్ వెంట కాంతివేగానికి దగ్గరగా పరుగెడుతూ చూస్తే ప్లాస్మా కుదించుకుపోతుంది, లేజర్ తరంగం సాగుతుంది. లెక్క ఎన్నో రెట్లు తేలికైపోతుంది. ఎంత అందమైన ఆలోచన! కాకపోతే గ్రిడ్‌లో కాంతి అసలు వేగం కన్నా నెమ్మదిగా పోవడంతో, ఎదురొచ్చే ప్లాస్మా నిజంలో ఉండని ఉత్తుత్తి రేడియేషన్‌ను లెక్కలో పుట్టించేది. దాన్ని అణచడానికి మరికొన్నేళ్లు పట్టింది.

2019లో బర్క్‌లీ ల్యాబ్ 20 సెంటీమీటర్ల ప్లాస్మాలో 7.8 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి అందుకుంది. 2022లో ఇలాంటి సిమ్యులేషన్లు చేసే వార్ప్‌ఎక్స్ కోడ్‌కు, సూపర్‌కంప్యూటర్ లెక్కలకిచ్చే గోర్డన్ బెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు గురి కణాలను ఢీకొట్టించే కొలైడర్ మీద. ఒక్కో దశలో 10 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చినా, వెయ్యికి చేరాలంటే వంద దశలు వరసగా అమర్చాలి. వార్ప్‌ఎక్స్‌ను మొదలుపెట్టింది ఇలాంటి వరసలను కట్టకముందే లెక్కగట్టడానికే.