పెద్దావిడ హీరోయిన్ అయితే కథ చప్పగా ఉంటదా? డార్క్ హిస్టారికల్ ఫాంటసీ మీద అపోహలు - వాస్తవాలు

డార్క్ హిస్టారికల్ ఫాంటసీ అంటే పాత రాజుల కాలం కథలో శాపాలు, దేవతలు కలిపి, మనుషుల చీకటి కోణం చూపించే నవలలు. వీటి గురించి కావలిలో లైబ్రరీ కౌంటర్లో కూర్చునే నాకు రోజూ వినపడే మాటలివి.

అపోహ: అరవై ఏళ్ళావిడ హీరోయిన్ అంటే కథలో స్పీడ్ ఉండదు.

వాస్తవం: అసలు పట్టు అక్కడే ఉండాదండీ. ఇరవై ఏళ్ళ పిల్ల కత్తి పడితే గెలుస్తుందా ఓడుతుందా అన్నదొక్కటే టెన్షన్, అదే పెద్దావిడ పడితే ఆ కత్తికి ముందు ఎవరు బలైనారు, వాళ్ళ పిల్లలిప్పుడు ఎంతవాళ్ళైనారు, మోకాళ్ళు సహకరిస్తాయా, మనవడికి ఏం మిగులుతుంది, అన్నీ ఒకేసారి మీద పడతాయి. కాకతీయుల రాణి రుద్రమదేవి అంటే అందరికీ గుర్రం మీద కుర్ర రాణే గుర్తొస్తుంది గానీ 1262 ప్రాంతంలో గద్దెనెక్కిన ఆమె 1289లో పోయేనాటికి అమ్మమ్మ, కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడే తర్వాత రాజు. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలోనే పోయిందని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ మరుసటి ఏడే, 1290లో, అంబదేవుడు మన త్రిపురాంతకంలో తన విజయాలన్నీ రాతి మీద చెక్కించుకున్నాడు. ఇంతకన్నా డార్క్ ఏం కావాలి?

అపోహ: డార్క్ అంటే నెత్తురు, క్షుద్రపూజలు.

కానే కాదు. నెల్లూరు రాజు మనుమసిద్ధి కాలంలో పుల్లరి (పశువుల మేత పన్ను) తగువులో పశువుల కాపర్ల నాయకుడు కాటమరాజు మీదకి పోయిన సేనాని ఖడ్గతిక్కన వెనక్కొచ్చేస్తే, భార్య స్నానానికి నులకమంచం అడ్డంపెట్టి ఆడవాళ్ళకి పెట్టినట్టు నీళ్ళ బిందె, పసుపు ముద్ద ఉంచి ఎత్తిపొడిచిందని, తల్లి ప్రోలమ్మ అన్నంలోకి విరిగిన పాలు పోసిందని మనవైపు చెప్పుకుంటారు కదా. కొడుకు మళ్ళీ పోయి చచ్చిపోయినాడు. ఆ పాలు పోసిన చెయ్యితో ఆ తల్లి తర్వాత ఎన్నేళ్ళు అన్నం కలుపుకుని తిన్నదో ఆలోచించండి, అక్కడ్నించి మొదలుపెట్టి ఎవరైనా నవల రాస్తే నేను రాత్రంతా కూర్చుని చదువుతా. ఒక్క చుక్క నెత్తురు కనపడక్కర్లేదు.

అపోహ: హిస్టరీ తెలియకపోతే అర్థం కాదు.

తెలియక్కర్లేదు, రాసినాయన పని అది. పేర్లు ఎక్కువైతే ఎవరికెవరు ఏమవుతారో ఒక స్లిప్పు మీద రాసి పేజీల్లో పెట్టుకోండి చాలు.

ఇంకోటి, శాపాలు, గ్రామదేవతలు వచ్చినప్పుడు ఇది నిజంగా జరిగిందా అని ఆగిపోతా ఉంటారు కొందరు, దయచేసి ఆగొద్దు, ఆ వరం కోసం ఆవిడ ఏం వదులుకున్నదో చూస్తా ముందుకు పోండి. శాసనాలూ తేదీలూ పుస్తకం అయినాక తీరిగ్గా చూసుకోవచ్చు, కావాలంటే కౌంటర్ దగ్గరికొచ్చి అడగండి, చరిత్ర పుస్తకాలు పక్క బీరువాలోనే ఉంటాయి.